పరాయి దేశంలో పరపతి: కొత్తగా వెళ్లినవారు క్రెడిట్ స్కోర్ ఎలా సంపాదించుకోవాలి?

హైదరాబాద్ ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం ఉన్నది సికింద్రాబాద్‌లోనే. ఈ చుట్టుపక్కల బస్తీల్లో దుబాయిలోనో, రియాద్‌లోనో, షికాగోలోనో ఒక మనిషి లేని ఇల్లు అరుదు. బయలుదేరే పిల్లవాడికి ఇంట్లోవాళ్లు సర్టిఫికెట్లు, మందులు, పచ్చళ్లు అన్నీ సర్ది పెడతారు. ఒక్కటి మాత్రం సూట్‌కేసులో పెట్టి పంపలేరు, అది ఇంటి పరపతి.

మోండా మార్కెట్‌లో కిరాణా షాపు ఆయనకు అబ్బా తెలుసు, తాత తెలుసు. నెలాఖరుకు డబ్బు వస్తుందని నమ్మకం ఉంది కాబట్టి ఖాతా పుస్తకంలో రాసుకుని సామాను ఇస్తాడు. పరాయి దేశంలో దిగిన మనిషిని అలా ఎరిగినవాళ్లు ఎవరూ ఉండరు. ఇల్లు అద్దెకిచ్చేవాడు, ఫోన్ కంపెనీ, బ్యాంకు, కారు అమ్మేవాడు అందరూ చూసేది ఒక అంకెనే. ఆ అంకె పేరే క్రెడిట్ స్కోర్. అది లేకపోతే అద్దె ఇంటికి ఎక్కువ అడ్వాన్సు అడుగుతారు, పోస్ట్‌పెయిడ్ కనెక్షన్‌కు డిపాజిట్ అడుగుతారు, కారు లోన్ ఇవ్వనంటారు, ఇచ్చినా ఎక్కువ రేటు వేస్తారు.

స్కోర్ ఎలా తయారవుతుంది?

బ్యాంకులు, కార్డు కంపెనీలు, కొన్ని దేశాల్లో ఫోన్ కంపెనీలు కూడా తమ ఖాతాదారులు డబ్బు ఎప్పుడు కట్టారో, ఎప్పుడు ఆలస్యం చేశారో క్రమం తప్పకుండా క్రెడిట్ బ్యూరోలకు పంపుతాయి. బ్యూరో ఆ వివరాలన్నీ ఒక చోట చేర్చి రిపోర్టు తయారు చేస్తుంది. ఆ రిపోర్టును బట్టి లెక్కకట్టిన అంకె స్కోర్. రిపోర్టు స్కూల్లో ప్రోగ్రెస్ కార్డు లాంటిదైతే, స్కోర్ అందులో చివరన వేసే మార్కు.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. జీతం ఎంత, బ్యాంకులో ఎంత ఉంది అనేవి స్కోర్‌లోకి రావు. డెబిట్ కార్డుతో ఎంత ఖర్చు పెట్టినా స్కోర్ పెరగదు. “మావాడు జీవితంలో ఎవరి దగ్గరా రూపాయి అప్పు చేయలేదు” అనేది మన దగ్గర గొప్ప మాటే. బ్యూరో దృష్టిలో మాత్రం అతడు మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు. అసలు కనిపించని మనిషి.

ఇండియా స్కోర్ అక్కడ చెల్లుతుందా?

మామూలుగా చెల్లదు. మన దేశంలో సిబిల్ 2000లో మొదలైంది. ఇప్పుడు దాని పేరు ట్రాన్స్‌యూనియన్ సిబిల్. దానితోపాటు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే మరో మూడు సంస్థలకూ రిజర్వు బ్యాంకు అనుమతి ఉంది. సిబిల్ స్కోర్ 300 నుంచి 900 దాకా ఉంటుంది. ఇక్కడ 800 ఉన్నవాళ్లు కూడా అమెరికాలో దిగిన రోజున సున్నా నుంచి మొదలుపెట్టాల్సిందే. రెండు చోట్లా కంపెనీ పేరు ట్రాన్స్‌యూనియనే అయినా ఇక్కడి ఫైలు దానంతటదే అక్కడికి వెళ్లదు.

ఒక చిన్న దారి మాత్రం ఉంది. అమెరికాలో నోవా క్రెడిట్ అనే సంస్థ, దరఖాస్తు చేసిన మనిషి ఒప్పుకుంటే, ఇండియా క్రెడిట్ చరిత్రను అక్కడి కంపెనీకి అర్థమయ్యే రూపంలో చూపిస్తుంది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 2019 నుంచి ఈ పద్ధతిని వాడుతోంది. కాబట్టి విమానం ఎక్కేముందు ఇండియా రిపోర్టును ఒకసారి చూసుకోవడం మంచిది. ఒక్కో సంస్థ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అందులో ఎప్పుడో మూసేసిన కార్డు తెరిచి ఉన్నట్టు కనిపిస్తే ఇక్కడ ఉండగానే సరిచేయించుకోవాలి.

అమెరికా: ఆరు నెలల ఓపిక

అమెరికాలో మూడు పెద్ద బ్యూరోలున్నాయి: ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్. బ్యాంకులు ఎక్కువగా చూసేది ఫైకో స్కోర్. ఇది 300 నుంచి 850 దాకా ఉంటుంది. ఇప్పుడున్న రూపంలో 1989లో వచ్చింది. లెక్క సుమారుగా ఇలా ఉంటుంది:

- సమయానికి కట్టిన చరిత్ర: 35 శాతం
- ఉన్న లిమిట్‌లో ఎంత వాడారు, ఎంత బాకీ ఉంది: 30 శాతం
- ఖాతాలు ఎంత కాలంగా ఉన్నాయి: 15 శాతం
- ఈ మధ్య కొత్తగా ఎన్ని అప్పులకు దరఖాస్తు పెట్టారు: 10 శాతం
- ఏయే రకాల ఖాతాలున్నాయి: 10 శాతం

ఫైకో స్కోర్ రావాలంటే కనీసం ఒక ఖాతా తెరిచి ఆరు నెలలు నిండాలి. ఆరు నెలల లోపల స్కోర్ చేతికిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడే అనుమానించాలి.

మొదటి ఏడాది పనులు ఈ వరుసలో చేసుకుంటే తేలిక.

మొదట సోషల్ సెక్యూరిటీ నంబర్. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన విద్యార్థికి ఇది దిగగానే రాదు. క్యాంపస్‌లో ఉద్యోగమో, అనుమతి ఉన్న మరో పనో దొరికాకే ఇస్తారు. అది వచ్చేదాకా కొన్ని బ్యాంకులు పాస్‌పోర్టు మీద కూడా ఖాతా తెరుస్తాయి. నంబర్ వచ్చిన రోజే బ్యాంకులో నమోదు చేయించాలి.

తర్వాత మొదటి కార్డు. చరిత్ర లేనివారికి దొరికేది ఎక్కువగా సెక్యూర్డ్ కార్డు. ముందు 200 డాలర్లు డిపాజిట్ చేస్తే అంతే లిమిట్‌తో కార్డు ఇస్తారు. కొన్ని నెలలు సరిగ్గా కడితే డిపాజిట్ తిరిగి వస్తుంది. విద్యార్థులకు వేరే స్టూడెంట్ కార్డులూ ఉన్నాయి. 21 ఏళ్లు నిండనివారికి సొంత ఆదాయమో, పూచీ ఇచ్చే మనిషో ఉండాలని 2009లో వచ్చిన కార్డ్ చట్టం చెబుతోంది. కార్డు తీసుకునే ముందు “మూడు బ్యూరోలకూ రిపోర్టు చేస్తారా?” అని అడగాలి. రిపోర్టు చేయని కార్డుతో ఎంత బుద్ధిగా కట్టినా స్కోర్‌కు లాభం లేదు.

దగ్గరి బంధువు ఎవరైనా చాలా ఏళ్లుగా అక్కడ ఉంటే తన కార్డులో అదనపు వాడకందారుగా పేరు చేర్చవచ్చు. మామూ కార్డు సవ్యంగా ఉంటే భాంజాకు మేలే. మామూ ఆలస్యంగా కట్టే మనిషైతే ఆ మచ్చ భాంజా రిపోర్టులోనూ పడవచ్చు. మొహమాటానికి పోకుండా ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇక వాడకం. 500 డాలర్ల లిమిట్ ఉంటే 150 దాటకుండా, అంటే 30 శాతం లోపల ఉంచుకోవాలని చెబుతారు. ఇంకా తక్కువైతే ఇంకా మంచిది. ఇక్కడ ఒక మెలిక ఉంది. బ్యూరోకు సాధారణంగా వెళ్లేది స్టేట్‌మెంట్ తయారైన రోజున ఉన్న బాకీ. ఒక విద్యార్థి 450 డాలర్లు వాడి, గడువు తేదీకి మొత్తం కట్టేశాడనుకోండి. వడ్డీ పడదు. కానీ స్టేట్‌మెంట్ రోజున 450 ఉంది కాబట్టి లిమిట్‌లో 90 శాతం వాడినట్టు రిపోర్టులో కనిపిస్తుంది. అందుకే స్టేట్‌మెంట్ తేదీకి రెండు మూడు రోజుల ముందే చాలా భాగం కట్టేయడం తెలివైన పని.

గడువు తేదీ మర్చిపోకుండా ఆటోపే పెట్టుకోవాలి. దాన్ని కనీస మొత్తానికి కాకుండా పూర్తి బాకీకి పెట్టాలి. 30 రోజులు దాటిన ఆలస్యం రిపోర్టులో ఏడేళ్లు ఉంటుంది. ఒకేసారి నాలుగైదు కార్డులకు దరఖాస్తు పెట్టకూడదు. అలాంటి ప్రతి దరఖాస్తూ రిపోర్టులో రెండేళ్లు కనిపిస్తుంది. సొంత రిపోర్టును తామే చూసుకుంటే మాత్రం స్కోర్ తగ్గదు. మూడు బ్యూరోల రిపోర్టులూ వారానికోసారి ఉచితంగా చూసుకునే ఏర్పాటు అక్కడ ఉంది.

బ్రిటన్, కెనడా

బ్రిటన్‌లో కూడా అవే మూడు బ్యూరోలు, కానీ ఒక్కోదానికి ఒక్కో కొలత. ఒకదాని అంకెను మరోదాని అంకెతో పోల్చి కంగారు పడనక్కర్లేదు. అక్కడ మనవాళ్లకు ఉన్న ఒక హక్కు చాలామందికి తెలియదు. ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి, వీసాతో చట్టబద్ధంగా నివసిస్తున్న భారతీయులు ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేసుకోవచ్చు. విద్యార్థులకూ ఇది వర్తిస్తుంది. మనిషి నిజంగా ఆ చిరునామాలో ఉంటున్నాడా అని బ్యాంకులు సరిచూసుకునేది ఆ జాబితాతోనే. ఒక ఫారం నింపడం తప్ప దీనికి ఖర్చేమీ లేదు. అక్కడ కట్టని బాకీ రిపోర్టులో ఆరేళ్లు ఉంటుంది.

కెనడాలో స్కోర్ 300 నుంచి 900 దాకా ఉంటుంది. ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ అనే రెండు బ్యూరోలే ప్రధానం. కొత్తగా వచ్చినవారి కోసం పెద్ద బ్యాంకులు ప్రత్యేక ప్యాకేజీలు ఇస్తాయి. క్రెడిట్ చరిత్ర లేకపోయినా మొదటి కార్డు దొరికే సౌకర్యం అందులో ఉంటుంది. ఖాతా తెరిచే రోజే దాని గురించి అడగాలి.

గల్ఫ్: “వదిలేసి వచ్చేస్తే పోతుంది” అన్న రోజులు పోయాయి

గల్ఫ్‌లో క్రెడిట్ స్కోర్ ఏముంటుందిలే అనుకునేవారు ఇంకా ఉన్నారు. సౌదీలో సిమా సంస్థ 1998లో ఏర్పడింది. యూఏఈలో 2010 నాటి ఫెడరల్ చట్టం కింద ఏర్పడిన అల్ ఇత్తిహాద్ క్రెడిట్ బ్యూరో 2014 నుంచి పనిచేస్తోంది. దాని స్కోర్ 300 నుంచి 900 దాకా ఉంటుంది. అక్కడ స్కోర్‌ను దెబ్బతీసేవి బ్యాంకు బాకీలు ఒక్కటే కాదు. బౌన్స్ అయిన చెక్కు, కట్టకుండా వదిలేసిన ఫోన్ బిల్లు కూడా రికార్డుకెక్కుతాయి. రూమ్ మారేటప్పుడో, దేశం విడిచి వచ్చేటప్పుడో సిమ్ పారేసి ఊరుకుంటే చిన్న బిల్లు పెద్ద మచ్చగా మిగులుతుంది. కనెక్షన్ రద్దు చేయించి, బాకీ లేదని కాగితం తీసుకోవాలి.

జీతంలో ఎంత వరకు అప్పు వాయిదాలకు పోవచ్చో కూడా అక్కడ హద్దులున్నాయి. యూఏఈలో వ్యక్తిగత రుణం నెల జీతానికి 20 రెట్లు మించకూడదు, 48 నెలల్లో తీరాలి, వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. సౌదీలో ఉద్యోగి విషయంలో మామూలు హద్దు జీతంలో మూడో వంతు. బ్యాంకు ఏజెంటు ఇంతకంటే ఎక్కువ ఇప్పిస్తానంటే అందులో ఏదో తిరకాసు ఉన్నట్టే.

యూఏఈలో 2022 జనవరి 2 నుంచి, ఖాతాలో డబ్బు లేక చెక్కు బౌన్స్ అవడం చాలా సందర్భాల్లో క్రిమినల్ నేరం కాదు. మోసం ఉంటే మాత్రం నేరమే. దీన్ని చూసి నిర్లక్ష్యం చేయకూడదు. ఆ చెక్కునే కోర్టు ఉత్తర్వులా నేరుగా అమలు చేయించుకునే వీలు ఇప్పుడు అవతలివారికి ఉంది. కోర్టు ప్రయాణ నిషేధం పెడితే విమానాశ్రయంలోనే ఆపేస్తారు. ఇంట్లో పెళ్లి ఉన్నా, మయ్యత్ అయినా కదలడానికి ఉండదు.

దేశం దాటి ఇంటికి వచ్చేసినా అప్పు తీరినట్టు కాదు. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద యూఏఈని పరస్పర అమలు దేశంగా ప్రకటించింది. అంటే అక్కడి కోర్టు ఇచ్చిన సివిల్ డిక్రీని ఇక్కడి జిల్లా కోర్టులో, ఇక్కడిదే అన్నట్టుగా అమలు చేయించవచ్చు. సికింద్రాబాద్‌లో ఉన్న ఇల్లు, స్థలం దాకా ఆ డిక్రీ రాగలదు. ఉద్యోగం పోయి కట్టలేని పరిస్థితి వస్తే దేశం వదలకముందే బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి వాయిదాలు మార్పించుకోవడమే క్షేమం.

వడ్డీ సంగతి ఏమిటి?

చాలా కుటుంబాల్లో వచ్చే మొదటి ప్రశ్న ఇదే. క్రెడిట్ స్కోర్ కావాలంటే వడ్డీ కట్టి తీరాలా? అక్కర్లేదు. స్కోర్ చూసేది సమయానికి కట్టారా లేదా అని. వడ్డీ కట్టారా లేదా అన్నది దానికి పట్టదు. ప్రతి నెలా బాకీ మొత్తం గడువులోపల కట్టేసే మనిషికి కొనుగోళ్ల మీద వడ్డీ పడదు, స్కోర్ మాత్రం పెరుగుతుంది. కొంత బాకీ మిగిల్చితేనే స్కోర్ పెరుగుతుందన్న మాట వట్టి అపోహ. పైగా కార్డు మీద నగదు తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. అమెరికాలో కార్డుల వడ్డీ సగటున ఏడాదికి 20 శాతం పైనే ఉంది.

ఆలస్యమైతే వడ్డీ కడతానని కార్డు ఒప్పందంలో సంతకం పెట్టడం సరైనదేనా అన్న విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. అది ఎవరికి వారు నమ్మే ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవాల్సిన సంగతి. తెలుసుకోవాల్సింది మరొకటుంది. వడ్డీ లేని పద్ధతిలో ఇల్లు కొనేందుకు సాయపడే సంస్థలు కూడా, ఉదాహరణకు అమెరికాలో గైడెన్స్ రెసిడెన్షియల్, దరఖాస్తుదారు క్రెడిట్ చరిత్రను చూస్తాయి. గల్ఫ్‌లో ఇస్లామిక్ బ్యాంకు దగ్గర మురాబహా పద్ధతిలో తీసుకున్న వాయిదాలు కూడా బ్యూరోకు వెళతాయి. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబానికీ మంచి రికార్డు అవసరమే.

గడువు పెట్టుకుని అప్పు తీసుకుంటే రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని సూరా అల్ బఖరా 282వ ఆయతు చెబుతుంది. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు అదే. లెక్క రాసుకోవడం, మాట ప్రకారం కట్టడం మనకు కొత్తగా నేర్చుకోవాల్సిన విషయాలు కావు.

పేరు దగ్గరే మొదలయ్యే చిక్కు

పాస్‌పోర్టులో మొహమ్మద్, టెన్త్ సర్టిఫికెట్‌లో ఎండీ, బ్యాంకులో మొహద్. షేక్ ఒకచోట ఇంటిపేరు, ఇంకోచోట మొదటి పేరు. మన ఇళ్లలో ఇది మామూలే. బ్యూరో కంప్యూటర్‌కు మాత్రం వీళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు. లేదంటే అదే పేరున్న మరొకరి బాకీ వచ్చి మనవాడి ఫైల్లో పడుతుంది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉంటే అమెరికా వీసా మీద మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని అచ్చవుతుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. ఆ మూడక్షరాలే అక్కడి బ్యాంకులో పేరుగా ఎక్కిన సందర్భాలున్నాయి.

పేరు పొరపాటు ఎంత దూరం పోతుందో చెప్పే కేసు ఒకటి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2011లో సెర్జియో రమీరెజ్ అనే ఆయన కారు కొనడానికి వెళితే, ట్రాన్స్‌యూనియన్ రిపోర్టులో ఆయన పేరు ప్రభుత్వ నిషేధిత జాబితాలోని పేరుతో కలుస్తోందని రావడంతో షోరూంవాళ్లు ఆయనకు కారు అమ్మలేదు. పేరు కలిసిందే తప్ప ఆ మనిషి ఈయన కాదు. 2021లో వచ్చిన తీర్పులో, తప్పుడు రిపోర్టు బయటివారికి వెళ్లిన 1,853 మందికి దావా వేసే హక్కు ఉందని కోర్టు చెప్పింది. రిపోర్టు బయటికి వెళ్లని మిగతా 6,332 మందికి ఆ హక్కు లేదంది.

అందుకే ప్రయాణానికి ముందే పాస్‌పోర్టులో ఇంటిపేరు, సొంత పేరు రెండు గళ్లూ నిండి ఉండేలా చూసుకోవాలి. అక్కడ అన్ని చోట్లా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి. రిపోర్టులో తెలియని ఖాతా కనిపిస్తే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. అమెరికాలో 1970 నాటి చట్టం ప్రకారం బ్యూరో మామూలుగా 30 రోజుల్లో విచారించి జవాబివ్వాలి. ఇండియాలోనూ 30 రోజుల్లో ఫిర్యాదు తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన ఉంది.

జమానత్, స్నేహం, మోసం

రూమ్‌మేట్ లోన్‌కు జమానత్ ఇస్తే, అతడు కట్టని రోజున ఆ బాకీ సంతకం పెట్టినవాడిదే. సొంత పేరు మీద స్నేహితుడికి ఫోన్ తీసివ్వడం, ఖాతాను నాలుగు రోజులు “వాడుకోనివ్వడం” లాంటివి ఇంకా ప్రమాదం. ఖాతాలోకి దొంగ సొమ్ము వస్తే స్కోర్ సంగతి అటుంచి కేసే మెడకు చుట్టుకుంటుంది. డబ్బిస్తే చెడు రికార్డు చెరిపేస్తామనే సంస్థలనూ నమ్మకూడదు. రిపోర్టులో ఉన్నది నిజమైతే దాన్ని ఎవరూ చెరపలేరు. తప్పైతే ఉచితంగానే సరిచేయించుకోవచ్చు. అమెరికా చట్టం ప్రకారం ఇలాంటి సంస్థలు పని పూర్తికాకముందే డబ్బు తీసుకోకూడదు.

ఇంటి దగ్గర ఉన్నవాళ్ల స్కోర్ కూడా

చదువు లోన్ తీసుకున్నప్పుడు అబ్బా గానీ అమ్మీ గానీ సహ రుణగ్రహీతగా సంతకం పెట్టి ఉంటారు. పిల్లవాడు అక్కడ ఒక వాయిదా తప్పితే ఇక్కడ తల్లిదండ్రుల సిబిల్ స్కోర్ కూడా పడిపోతుంది. చెల్లెలి చదువుకు లోన్ అడిగిన రోజున ఆ దెబ్బ తెలుస్తుంది. వాయిదాలు ఏ నెల నుంచి మొదలవుతాయో రెండు వైపులా రాసిపెట్టుకోవాలి. బ్యాంకుకు ఇచ్చిన ఇండియా ఫోన్ నంబర్ ఆగిపోకుండా రీచార్జ్ చేస్తూ ఉండాలి. నంబర్ పోతే ఓటీపీలు రావు, బ్యాంకు హెచ్చరికలూ రావు. వాడని ఇండియా కార్డులను వార్షిక ఫీజు పడకముందే మూసేసి, మూసినట్టు ఉత్తరం తీసుకోవాలి.

ఇవి గుర్తుంటే చాలు

- బయలుదేరే ముందు: ఇండియా రిపోర్టు చూసుకోవడం, అన్ని కాగితాల్లో పేరు ఒకేలా ఉండటం.
- మొదటి నెల: బ్యాంకు ఖాతా, చిరునామా రుజువు, బ్రిటన్ అయితే ఓటర్ల జాబితా.
- మొదటి ఆరు నెలలు: ఒకే కార్డు, చిన్న ఖర్చులు, పూర్తి బాకీకి ఆటోపే.
- ప్రతి నాలుగు నెలలకు: రిపోర్టు చదవడం, తెలియని ఖాతాకు అభ్యంతరం చెప్పడం.
- తిరిగి వచ్చేటప్పుడు: కార్డు, లోన్, ఫోన్ అన్నిటికీ బాకీ లేదన్న కాగితం.

ఇక్కడ అబ్బా పేరు చెప్పగానే కిరాణా షాపులో ఖాతా తెరిచారంటే, దాని వెనుక ఆయన మాట తప్పకుండా కట్టిన ఏళ్లున్నాయి. అక్కడ పిల్లవాడు చేయాల్సిందీ అదే. మొదటి ఏడాది చిన్న మొత్తాలే కట్టినా, తేదీ తప్పకుండా కట్టాలి.